నేను మార్చి చెప్పిన మాట

డెబ్బైల చివర నేను ఇర్వింగ్‌కి కాపురానికి వచ్చేసరికి మా అపార్ట్‌మెంట్లలో తెలుగు మాట్లాడేవాళ్ళం ముగ్గురమే. మా ఆయన, నేను, మా కింది ఇంట్లో ఒక్కతే ఉండే నర్సు. ఆమెది కృష్ణా జిల్లాలో సముద్రానికి దగ్గరగా ఉండే పల్లె. నాకంటే పదకొండేళ్ళు పెద్ద. పెళ్ళి చేసుకోలేదు. డాలస్‌లో ఒక పెద్ద ఆసుపత్రిలో, కాన్పుల వార్డులో పగటి షిఫ్ట్ చేసేది. నేను వచ్చిన వారానికే ఆమెను అక్కా అని పిలవడం మొదలుపెట్టాను. ఆ పిలుపు వినగానే ఆమె ముఖంలో ఏదో కదిలి ఆగిపోయేది. నా చిత్తూరు యాస ఆమెకు వింతగా ఉందేమో అనుకునేదాన్ని.

మా ఊరికి తమిళనాడు సరిహద్దు నడిచి వెళ్ళేంత దూరం. ఇంట్లో తెలుగు, బజారులో తమిళం. మా వీధికి దగ్గరలో తెలుగు బడి లేక ఐదో తరగతి దాకా తమిళంలోనే చదివాను. ఒక భాషలో విన్నది ఇంకో భాషలో చెప్పడం మా ఇంట్లో పిల్లల పని. తమిళం మాత్రమే వచ్చిన పాలామెకూ, తమిళం రాని మా నాయనమ్మకూ మధ్య నిలబడి నేను పెరిగాను. నాయనమ్మ తిట్టినవన్నీ పాలామెకు చెప్పేదాన్ని కాదు. అది అబద్ధమని నాకెప్పుడూ అనిపించలేదు. మర్నాడు పొద్దున్నే ఇద్దరూ మళ్ళీ ముఖాలు చూసుకోవాలి కదా అనుకునేదాన్ని.

మా ఆయన ఆఫీస్ పని మీద వారాల తరబడి హ్యూస్టన్‌లో ఉండిపోయేవాడు. కారు నడపడం రాకపోతే ఇర్వింగ్‌లో పాల డబ్బా కూడా తెచ్చుకోలేం. నాకు డ్రైవింగ్ నేర్పింది అక్కే. ఆదివారం వాళ్ళ తెలుగు ప్రార్థన అయ్యాక, ఆ చర్చి వెనక ఖాళీ పార్కింగ్‌లో తన పాత కారు నా చేతికిచ్చి పక్కన కూర్చునేది. నేను ఎంత తడబడినా గొంతు పెంచేది కాదు. "బ్రేక్ మీద కాలుంచు. ముందు అద్దంలో చూడు. ఇప్పుడు తిప్పు" అనేది, రోగికి చెప్పినట్టు. ఊరి సంగతులు అడిగితే మాత్రం రెండు మాటల్లో తేల్చేసేది. వాళ్ళ నాన్న చర్చి పెద్ద. అమ్మ చిన్నప్పుడే పోయింది. అక్క అమెరికా వచ్చిన రెండేళ్ళకు నాన్న కూడా పోయారు. అంతకు మించి ఆమె చెప్పలేదు, నేను అడగలేదు.

రెండో ఏడాది వేసవిలో, డాలస్‌లో మేము పప్పులూ చింతపండూ కొనుక్కునే కొట్లో గోడకి ఒక కాగితం అంటించి ఉంది. తమిళం వాళ్ళు ఆదివారం మధ్యాహ్నం యూనివర్సిటీ ఆడిటోరియంలో సినిమా వేస్తున్నారని. ఆ రోజుల్లో ఏ భాష వాళ్ళు సినిమా తెప్పించినా మనవాళ్ళందరూ వెళ్ళేవాళ్ళు. నేను ఆ వారమంతా అదే ఆలోచనలో ఉన్నాను. శనివారం కిందికి దిగి అక్క తలుపు కొట్టాను.

"అక్కా, రేపు నన్ను సినిమాకి తీసుకుపోతావా? ఈయన ఊళ్ళో లేడు. హైవే మీద నేనింకా డ్రైవ్ చేయలేను."

"సినిమానా? నేను పుట్టి బుద్ధెరిగాక చూసింది రెండో మూడో. అవీ ఇక్కడికొచ్చాకే. నాన్న చూడనిచ్చేవారు కాదు."

"పల్లెటూరి కథంట. ప్రేమ కథ. బాగుంటుందంట."

"నాకు అరవం రాదు కదమ్మా."

"నేను పక్కన కూర్చుని చెప్తా ఉంటా. ఒక్క మాట కూడా వదలను."

"ప్రార్థన ఒంటిగంటకల్లా అయిపోద్ది. అటునుంచి అటే వెళ్దాం" అంది.

మేము వెళ్ళేసరికి ఆడిటోరియం సగం నిండింది. ముందు వరసల్లో తమిళ కుటుంబాలు, వెనక కన్నడం వాళ్ళు, మలయాళం వాళ్ళు, మనవాళ్ళు. నడిచే దారిలో దుప్పట్లు పరిచి పసిపిల్లల్ని పడుకోబెట్టారు. ఎవరో పెద్ద ఫ్లాస్కుల్లో కాఫీ తెచ్చారు. ఒకటే ప్రొజెక్టరు. నాలుగు పెద్ద రీళ్ళు. ఒక రీలు అయ్యాక లైట్లు వేసి, ఇంకోటి ఎక్కించి, మళ్ళీ ఆపేవాళ్ళు. అక్క ప్రార్థనకు కట్టుకున్న తెల్ల చీరతోనే వచ్చి కూర్చుంది. హ్యాండ్‌బ్యాగ్ ఒళ్ళో పెట్టుకుని, నిటారుగా, చర్చిలో కూర్చున్నట్టే.

కథ నీటి ఎద్దడి ఉన్న ఒక పల్లెలో. కోరగడ్డితో చాపలు అల్లే ఇల్లు. తల్లీ తండ్రీ లేరు. చెల్లెల్ని అన్న పెంచాడు. బావులు తవ్వే మేస్త్రి ఒకడు పని వెతుక్కుంటూ ఆ ఊరికి వస్తాడు. ఆ అమ్మాయి చాప అల్లుతూ కిటికీలోంచి అతణ్ణి చూస్తుంది. అతను రోజుకో అడుగు లోతుకు దిగుతూ ఉంటాడు, ఆమె రోజూ గట్టు మీదికి వచ్చి నీళ్ళు పడ్డాయా అని అడుగుతుంది. వాళ్ళ ప్రేమంతా ఆ ఒక్క ప్రశ్నలోనే నడిచింది. నేను అక్క చెవి దగ్గరికి వంగి చెప్తూ పోయాను. మా వెనక వరసలో రెండు తెలుగు కుటుంబాలు ఉన్నాయి. కాసేపటికి వాళ్ళూ ముందుకు వంగి నా మాటే వింటున్నారని తెలిసింది. దాంతో నాకు హుషారొచ్చింది. గొంతు మార్చి అన్న మాటలు అన్నలా, మేస్త్రి మాటలు మేస్త్రిలా చెప్పాను. ఒకటి రెండు చోట్ల అందరికంటే గట్టిగా మా దగ్గరే నవ్వు వచ్చింది. తమిళం వాళ్ళు కొందరు వెనక్కి తిరిగి చూశారు. నేను ఆపలేదు.

మూడో రీలు చివర, అమ్మాయి మేస్త్రితో తాళి కట్టించుకుని అన్న ఇంటికి వస్తుంది. వాన పడుతూ ఉంటుంది. ఏడాదికి ఒక్కసారి పడే వాన. ఊరంతా బిందెలు బయట పెట్టుకుని సంబరంగా ఉంటారు. వాళ్ళిద్దరూ గుమ్మం ముందు తడుస్తూ నిలబడతారు. అన్న వచ్చి చూస్తాడు. రెండు మాటలు అని తలుపు వేస్తాడు. అక్కడితో రీలు అయిపోయింది. లైట్లు వెలిగాయి.

చుట్టూ అందరూ లేచారు. కాఫీ దగ్గరికి, పిల్లల దగ్గరికి వెళ్ళారు. అక్క కదల్లేదు. ఖాళీ తెర వైపే చూస్తోంది.

"వాడు తలుపేసేటప్పుడు ఏమన్నాడు?" అని అడిగింది.

"నాకు చెల్లెలు లేదు అన్నాడక్కా."

"నేను అదీ అనలేదు" అంది అక్క.

నాకు అర్థం కాలేదు. ఆమె నా వైపు తిరగకుండానే చెప్పింది.

"నాకో చెల్లెలుంది. నాకంటే తొమ్మిదేళ్ళు చిన్న. అమ్మ పోయాక నేనే పెంచాను. మా ఊరి పోస్టాఫీసులో పనిచేసే హిందువుల అబ్బాయిని చేసుకుంది. చేసుకుని ఇద్దరూ ఇంటికొచ్చారు. నాన్న లేచి నిలబడ్డారు. నా మొహంలోకి చూశారు. నేను ఊ అంటే లోపలికి రమ్మనేవారే. నేను లేచెళ్ళి తలుపేసి గడియ పెట్టాను. అది తలుపు కొట్టలేదు. అక్కా అని ఒక్కసారి పిలిచింది. ఇంకో నెలకి నేను విమానమెక్కేశాను."

"తర్వాత ఉత్తరాలేమీ...?"

"దాన్నుంచి రెండొచ్చాయి, వాళ్ళు బదిలీ మీద వెళ్ళిన ఊరి నుంచి. జవాబు రాయలేదు. నాన్న పోయినప్పుడు దానికి కబురు చెయ్యమని మా బాబాయిలకి ఒక్క మాట రాసుండొచ్చు. అదీ రాయలేదు."

లైట్లు ఆరిపోయాయి. నాలుగో రీలు మొదలైంది.

ఊరి బయట పాకలో ఆ అమ్మాయి, మేస్త్రి కాపురం ఉంటారు. ఆమె గర్భవతి. కాన్పు కష్టమవుతుంది. బిడ్డ బతుకుతుంది, తల్లికి జ్వరం తగులుతుంది. ఎవరో వెళ్ళి అన్నకు చెప్తారు. అతను చాపలు పక్కకు నెట్టి, ఇంట్లోని ఇత్తడి చెంబు నిండా నీళ్ళు ముంచుకుని, పొలాల మీద పరుగెత్తుకుంటూ వస్తాడు. సగం నీళ్ళు దారిలోనే ఒలికిపోతాయి. వచ్చి చెల్లెలి తల దగ్గర మోకాళ్ళ మీద కూర్చుని చెంబు ఆమె నోటి దగ్గర పెడతాడు.

అప్పటికి అక్క ఏడుస్తోంది. చప్పుడు లేదు. ఒళ్ళోని బ్యాగ్ మీద నీటిచుక్కలు పడుతున్నాయి. ఆమె ఏడవగలదని నేనెప్పుడూ అనుకోలేదు.

తెర మీద ఆ అమ్మాయి కళ్ళు తెరిచి అన్నని చూసింది. చిన్న గొంతుతో అంది: అన్న చేతి నీళ్ళు ఒక్క చుక్క కూడా నా నోట్లో పడకూడదు. అని తల పక్కకు తిప్పుకుంది. అంతే. కళ్ళు అలాగే ఉండిపోయాయి. అన్న చెంబు పట్టుకుని కూర్చున్నాడు.

"ఏమంటంది?" అని అడిగింది అక్క. నా మణికట్టు పట్టుకుంది.

నేను ఆలోచించలేదు. ఆలోచించానని చెప్పుకుంటే అదీ అబద్ధమే అవుతుంది. "అన్న చేతి నీళ్ళు ఒక్క చుక్క తాగితే చాలు, నాకింకేమీ వద్దు అంటోంది" అన్నాను. "తాగేలోపే ప్రాణం పోయింది."

అక్క నా చెయ్యి వదిలి రెండు చేతులతో ముఖం కప్పుకుంది. మా వెనక వరసలో ఎవరో ముక్కు చీదుకున్నారు. ఆ తర్వాత చాలా ఏళ్ళు ఇర్వింగ్‌లో తెలుగువాళ్ళు ఆ సినిమా కథను, చెల్లెలు అన్నను క్షమించి చనిపోయిన కథగానే చెప్పుకున్నారు. నా ముందే చెప్పుకున్నారు. నేను సరిదిద్దలేదు.

తిరిగొచ్చాక అక్క అపార్ట్‌మెంట్ల ముందు కారు ఆపి, "దానికి ఉత్తరం రాస్తాను" అంది. "రాయక్కా" అన్నాను. నాకు లోపల సంతోషమే కలిగింది. నేను చేసింది మంచి పనే అనుకున్నాను.

ఆ వారమే నీలం రంగు ఏరోగ్రామ్ మీద రాసి పంపింది. మూడు నెలలకు జవాబు వచ్చింది. రాసింది చెల్లెలు కాదు, ఆమె భర్త. ఉత్తరం అందిందనీ, అందరూ క్షేమమనీ, ఇద్దరు ఆడపిల్లలనీ ఐదు వాక్యాలు. అక్క దాన్ని తీసుకుని మెట్లెక్కి నా దగ్గరికి వచ్చింది. "దానికి రాయడం కష్టంగా ఉండుంటది. కలిస్తే మాట్లాడుద్ది" అంది. ఆ మరుసటి ఏడు డిసెంబరుకి సెలవు కూడబెట్టింది. పిల్లలకి గౌన్లు, చెల్లెలికి స్వెట్టరు, రెండు చీరలు కొంది. నేనే దగ్గరుండి పెట్టె సర్దాను. ఆమెను అంత ఉత్సాహంగా నేను మళ్ళీ చూడలేదు. "నన్ను చూసి ముందు ఏడుస్తది. చిన్నప్పుడు కూడా అంతే" అంది.

నెల రోజులకని వెళ్ళిన మనిషి పదమూడో రోజుకే తిరిగి వచ్చేసింది. వచ్చినట్టు కూడా నాకు తెలియదు. కింద ఆమె కారు చోటు మారి ఉండటం చూసి వెళ్ళాను. తలుపు తీసింది. సోఫా పక్కన ఆ పెట్టె నేను సర్దినట్టే, తాళం కూడా తీయకుండా ఉంది.

కాఫీ కలిపి తెచ్చి నా ముందు పెట్టి, తను కూర్చుని చెప్పింది.

"వసారాలో కుర్చీ వేసింది. లోపలికి రమ్మనలేదు. పిల్లలు తలుపు చాటునుంచి చూస్తన్నారు. నేను లేచి దాన్ని పట్టుకోబోయాను. వెనక్కి జరిగింది. 'ఇప్పుడొచ్చావు, నీ మనసు తేలికపడుద్ది. ఆ రోజు నేను ఏ మొహంతో వీధిలోకి నడిచెళ్ళానో నీకు తెలుసా' అంది. 'నాన్న పోయిన పన్నెండు రోజులకి బస్సులో ఎవరో చెప్తే నాకు తెలిసింది' అంది. ఇంకా ఏదో అనబోయింది. నేను లేచొచ్చేశాను."

"లేచొచ్చేశావా?"

"వినలేకపోయాను. బస్టాండులో రెండు గంటలు కూర్చున్నాను. తర్వాత బెజవాడ వెళ్ళి టికెట్ మార్పించుకున్నాను."

అప్పుడు చెప్పి ఉండాల్సింది. సినిమాలో ఆ అమ్మాయి అన్నదీ, అక్కతో ఆమె చెల్లెలు అన్నదీ ఒకటేనని నాకు ఆ క్షణంలో స్పష్టంగా తెలిసింది. కాఫీ తాగి, కప్పు కడిగిపెట్టి పైకి వచ్చేశాను. మార్చి చెప్పిన రోజున ఆమె ఏడుపు చూడలేక చెప్పాననుకోవచ్చు. ఈసారి నోరు మూసుకున్నది మాత్రం నా కోసమే.

నాలుగేళ్ళు గడిచాయి. నాకు ఒక పాప పుట్టింది. పాపను మొదట చేతుల్లోకి తీసుకున్నది అక్కే. మా ఆయనకు హ్యూస్టన్ ప్రయాణాలు తగ్గాయి. సామాన్ల కొట్లో పప్పుల పక్కన సినిమా క్యాసెట్లు అద్దెకు ఇవ్వడం మొదలైంది. హిందీవి, తమిళానివి, అరుదుగా తెలుగువి. ఇంటింటికీ వీసీఆర్‌లు వచ్చాయి. ఆడిటోరియం సినిమాలు ఆగిపోయాయి.

ఒక శనివారం పొద్దున నేను బీన్స్ తరుగుతూ ఉంటే అక్క వచ్చింది. ఎప్పుడూ కూర్చునే కుర్చీలో కూర్చోలేదు. వంటింటి గుమ్మంలోనే నిలబడింది.

"ఆ సినిమా మళ్ళీ చూశాను" అంది.

ఏ సినిమా అని అడగాల్సిన అవసరం లేకపోయింది.

"మా వార్డులో కొత్తగా తమిళమ్మాయి చేరింది. వాళ్ళింట్లో క్యాసెట్ కనపడితే నేనే పెట్టమన్నాను. చివరికొచ్చాక నేనే ఆ అమ్మాయితో అన్నాను, ఇక్కడ అన్న చేతి నీళ్ళు కావాలంటది కదా అని. ఆ అమ్మాయి 'లేదక్కా, వద్దంటోంది' అంది. టేపు వెనక్కి తిప్పి మళ్ళీ పెట్టింది. మూడుసార్లు విన్నాను. ఎందుకు మార్చావు?"

"నువ్వు ఏడస్తా ఉన్నావక్కా."

"ఏడిస్తే?"

ఆమె గొంతు పెరగలేదు. అదే గొంతు, కారు నేర్పినప్పటిది.

"చచ్చిపోయేవాళ్ళను నేను చాలామందిని చూశాను. ఆ పిల్ల తల తిప్పుకున్నది ప్రాణం పోయి కాదని, కావాలనేనని ఆ రోజే నాకనిపించింది. కానీ నువ్వు చెప్పావు. నాకూ అదే కావాలి. నమ్మేశాను."

"నేను ఉన్నదున్నట్టు చెప్పింటే నువ్వు ఉత్తరం రాసేదానివి కాదు కదక్కా. ఊరికి పోయేదానివీ కాదు" అన్నాను. ఆ మాట నాలుగేళ్ళుగా నాలో నేను చెప్పుకుంటున్నదే. బయటికి వచ్చాక దాని బలం ఎంతో తెలిసింది.

"రాసేదాన్నో లేదో నాకు తెలీదు. నీకూ తెలీదు" అంది అక్క. "వెళ్ళుంటే మాత్రం పెట్టె నిండా చీరలేసుకుని, అది నన్ను చూసి ఏడుస్తదనుకుంటా వెళ్ళేదాన్ని కాదు. అది ఏమన్నా పడదామని వెళ్ళేదాన్ని. అది పదేళ్ళు దాచుకున్న మాటలు. రెండు అనేసరికి లేచొచ్చేశాను. మళ్ళీ తలుపేసినట్టే చేశాను. కూర్చుని విని ఉండాల్సింది. వినడానికి నన్ను సిద్ధం కాకుండా చేశావు నువ్వు."

"తప్పయిందక్కా."

"అయింది" అంది. వెళ్ళిపోయింది.

ఏడు నెలలు ఆమె పైకి రాలేదు. ఎదురుపడితే పాప గురించి అడిగేది, జ్వరం వస్తే ఏ మందు ఎంత వేయాలో చెప్పేది. అంతవరకే. పక్కనే ఉన్న మనిషి అంత దూరమవడం నాకు ఎవరికీ చెప్పుకోలేని బాధ అయింది. మా ఆయనకు చెప్తే, "సినిమా డైలాగ్ కోసం ఇంత గొడవా?" అన్నాడు. అది సినిమా గురించి కాదని అతనికి చెప్పడానికి అక్క ఇంటి సంగతి చెప్పాలి. అది నాది కాదు, చెప్పలేదు.

ఒక బుధవారం పొద్దున ఫోన్ మోగింది. ఆసుపత్రి నుంచి అక్క.

"ఒకసారి వార్డుకి రాగలవా? ఒకమ్మాయి ఉంది, తమిళం తప్ప రాదు. మా తమిళమ్మాయి సెలవులో ఉంది. ఆ పిల్ల భర్త పనిలో ఉన్నాడు, బయల్దేరాడు గానీ గంటన్నర పడుద్ది. డాక్టరు ఇప్పుడే చెప్పాలంటన్నారు."

"ఏం చెప్పాలక్కా?"

"ఎనిమిదో నెల. బిడ్డ పోయింది. డాక్టరు చెప్పింది చెప్పినట్టు చెప్పాలి. తియ్యకూడదు, కలపకూడదు. నీ వల్ల కాదంటే ఇప్పుడే చెప్పు. ఇంకెవరినైనా చూస్తాను."

"వస్తాను" అన్నాను. పాపను పక్కింటామెకు అప్పగించి హైవే మీద నేనే డ్రైవ్ చేసుకుంటూ వెళ్ళాను.

ఆ అమ్మాయికి ఇరవై రెండేళ్ళు ఉంటాయేమో. ఆసుపత్రి గౌను మీద తన ఊలు శాలువా కప్పుకుని ఉంది. నేను తమిళంలో పలకరించగానే ముఖం విప్పారింది. నా ఊరు అడిగింది. తనది తంజావూరు పక్కన పల్లె అని చెప్పింది. "నిన్నటి నుంచి లోపల కదలడం లేదు, నిద్రపోతోందేమో కదా అక్కా" అని నన్నే అడిగింది. నేను డాక్టరు వైపు తిరిగాను. ఆయన మంచం పక్కన స్టూలు మీద కూర్చున్నాడు. అక్క అవతలి వైపు నిలబడి ఉంది. నా వైపు చూడటం లేదు, ఆ అమ్మాయినే చూస్తోంది.

డాక్టరు రెండు వాక్యాలు చెప్పాడు. బిడ్డ గుండె కొట్టుకోవడం లేదు. బిడ్డ చనిపోయింది.

మొదటి వాక్యం చెప్పి ఆగిపోవచ్చు. గుండె చప్పుడు వినపడటం లేదు అనొచ్చు. మళ్ళీ చూస్తారు అనొచ్చు. మీ ఆయన వచ్చాక అన్నీ చెప్తారు అనొచ్చు. ఈ మాటలన్నీ తమిళంలో నా నాలుక మీదికి వచ్చాయి. రెండు వాక్యాలూ చెప్పాను. ఆయన వాడిన మాటకు సరిగ్గా సరిపోయే మాటే వాడాను.

ఆ అమ్మాయి నా వైపు ఎంత కోపంగా చూసిందో నేను మరచిపోలేను. "మీకు సరిగ్గా అర్థం కాలేదు. మళ్ళీ అడగండి" అంది. మళ్ళీ అడిగాను. ఆయన అవే మాటలు చెప్పాడు. నేను అవే చెప్పాను. "మళ్ళీ చూడమనండి" అంది. చూశారు. అక్క యంత్రం తెచ్చి కడుపు మీద ఆనించింది. గది అంతా నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దాన్ని ఎవరూ తర్జుమా చేయనక్కర్లేకపోయింది.

తర్వాత ఆమె, "నేనేమైనా తప్పు చేశానా?" అని అడిగింది. డాక్టరు కాదన్నాడు. చెప్పాను. కాసేపటికి మళ్ళీ అడిగింది. మళ్ళీ డాక్టరుకు చెప్పాను, ఆయన మళ్ళీ కాదన్నాడు. మూడోసారి అడిగినప్పుడు నాకు తెలిసిన జవాబే కదా అని నేనే చెప్పబోయాను. అక్క తల అడ్డంగా ఊపింది. మూడోసారీ డాక్టరును అడిగాను. ఆయన విసుక్కోకుండా మూడోసారీ చెప్పాడు. అప్పుడు ఆ అమ్మాయి నా చెయ్యి పట్టుకుని ఏడ్చింది. ఆమె భర్త వచ్చేదాకా వదల్లేదు.

అక్క నాతో పాటు పార్కింగ్ దాకా వచ్చింది. కారు తలుపు తీసి, "పది నిమిషాలు కూర్చుని అప్పుడు బయల్దేరు. పొద్దుట్నుంచి ఏమీ తిని ఉండవు, ఇంటికెళ్ళి ముందు అన్నం తిను" అంది. వార్డు వైపు తిరిగి వెళ్తూ, "సాయంత్రం వస్తాను" అంది.

వచ్చింది. పాపను ఒళ్ళో కూర్చోబెట్టుకుని చాలాసేపు ఉంది. ఆ తర్వాత ఆసుపత్రి నుంచి తమిళానికో తెలుగుకో నన్ను చాలాసార్లు పిలిచారు. ఎక్కువగా చెప్పాల్సి వచ్చినవి మంచి కబుర్లే.

మరుసటి ఏడు అక్క మళ్ళీ ఊరికి వెళ్ళింది. ఈసారి చిన్న సంచితో. వెళ్ళేముందు నాకు ఒక్కటే చెప్పింది: "అది పొమ్మనేదాకా కూర్చుంటాను." నాలుగు రోజులు ఉంది. మొదటి రెండు రోజులు వసారాలోనే పడుకుందట. మూడో రోజు పొద్దున చెల్లెలు లోపల పీట వేసి అన్నం పెట్టిందట.

"ఏమందక్కా?" అని అడిగాను.

"అనాల్సినవన్నీ అంది. కొన్ని నేను మర్చిపోయినవి కూడా. విన్నాను."

అవేమిటో చెప్పలేదు. బస్సెక్కించడానికి చెల్లెలు రాలేదనీ, భర్తా చిన్న పిల్లా వచ్చారనీ మాత్రం చెప్పింది. చిన్నప్పటిలా అవుతారని అక్క ఎదురుచూడలేదు. అలా అవలేదు కూడా. పెద్ద పిల్ల మాత్రం పెద్దమ్మకు ఉత్తరాలు రాయడం మొదలుపెట్టింది. పరీక్షల గురించి, మిషను మీద కుట్టడం నేర్చుకోవడం గురించి. ఒక్కోసారి ఆ కాగితం అడుగున వేరే చేతిరాతతో ఒక వాక్యం ఉండేది. ఇక్కడ వానలు లేవు. పిల్లకు తట్టు పోసి తగ్గింది. మామిడికాయ పెట్టాను. అక్క ఆ ఉత్తరం తీసుకుని పైకి వచ్చి, మొదటి నుంచి చివరి దాకా, ఒక్క మాట కూడా వదలకుండా నాకు చదివి వినిపించి, మడిచి బ్యాగులో పెట్టుకుని షిఫ్ట్‌కి వెళ్ళిపోయేది.